తలల లెక్క

గేటు దగ్గర నా చేతిలో ఒక చిన్న స్టీలు యంత్రం.
బొటనవేలితో నొక్కితే టిక్కుమంటుంది.
ఒక టిక్కుకి ఒక మనిషి.
పదకొండేళ్ళుగా ఇదే నా ఉద్యోగం, చలికాలంలో మాత్రం.
వేసవిలో పడవలకి రంగులేస్తాను.

ఆ గురువారం సరస్సు మీంచి వచ్చిన మంచు
పార్కింగులో కార్లన్నిటికీ ఒకే దుప్పటి కప్పింది.
మా కాపర్ బే కాలేజీ కుర్రాళ్ళు
వరసగా తొమ్మిది ఆటలు ఓడారు.
పదోది చూడ్డానికి ఎవడొస్తాడు?

వచ్చారు, నార్త్ ఫోర్క్ నుంచి మూడు బస్సుల నిండా,
మొహాలకి పసుప్పచ్చ రంగు, చేతుల్లో తప్పేళాలు.
నూట నలభై రెండు టిక్కులు వాళ్ళవే.
తర్వాత ముప్ఫై రెండు, మావాళ్ళవి,
ఒక్కొక్కటీ నీళ్ళ కుళాయి చివరి చుక్కలా.

ఆట మొదలైన నాలుగో నిమిషానికే
"మీ అమ్మలకి కూడా వేరే పనుందా?" అని కేక.
"కుర్చీలారా, చప్పట్లు కొట్టండి!" అని ఇంకో కేక.
మా ఎర్ర కుర్చీలు, పాపం, మడుచుకునే ఉన్నాయి.
విరామంలో మైకు గొంతు సవరించుకుని
ఈ రాత్రి ప్రేక్షకులు నాలుగొందల పదకొండు, అంది.
మంచులో బస్సు జారినట్టు నవ్వారు వాళ్ళు,
ఆగకుండా, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ.
నేను యంత్రాన్ని జేబులో దాచుకున్నాను.

రెండో సగంలో డెల్రాయ్ ఫింక్ గీత దగ్గర నిలబడ్డాడు,
బంతిని మూడుసార్లు నేలకి కొట్టాడు.
అప్పుడే ఒక పొడుగాటి కుర్రాడు కుర్చీ ఎక్కి
మా వైపు వేలు చాపి మొదలెట్టాడు:
ఒకటి!
బస్సులన్నీ అందుకున్నాయి. రెండు! మూడు!
ఎవరి మీద వేలు పడితే వాళ్ళు
కొంచెం కిందికి జారారు, చొక్కా సర్దుకున్నారు.
పంతొమ్మిది దగ్గర ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ చెయ్యూపాడు.
ముప్ఫై ఒకటి! అంతే!
తప్పేళాలు మోగాయి.

"తప్పు," అంది ఐలీ కంగాస్.
ఎనభై నాలుగేళ్ళ మనిషి, మేజోడు అల్లుతూ,
సూది తియ్యకుండానే పక్కనున్న కోటు ఎత్తి చూపింది.
దాని కింద మునిమనవడు నిద్రపోతున్నాడు.
"వీణ్ణి వదిలేశారు. సరిగ్గా లెక్కెట్టండి."
ముప్ఫై రెండు, అన్నాడు పొడుగాటివాడు, కొంచెం చిన్నగా.
బ్యాండు మొత్తానికి జ్వరం రాగా మిగిలిన ట్యూబా పిల్లాడు
చెయ్యెత్తాడు. ముప్ఫై మూడు.
పాప్‌కార్న్ బల్ల వెనకనించి మార్గో, గరిటె పైకెత్తి. ముప్ఫై నాలుగు.
నేల తుడిచే ఇగ్నాజ్ తలుపు తోసుకొచ్చి
నేనూ, నేనూ అన్నాడు.
ఆఖర్న మా వైపు పై వరసలోంచి
వాళ్ళ బస్సు డ్రైవరే లేచాడు.
"ఇక్కడ కాళ్ళు చాపుకోవచ్చు," అన్నాడు, "నన్నూ వేసుకోండి."

ముప్ఫై ఆరు!
ఈసారి రెండు వైపులా అరిచారు.
అంతసేపూ బంతి పట్టుకునే నిలబడ్డ డెల్రాయ్
నవ్వాడు, ఈ సీజన్లో మొదటిసారి నేను చూడ్డం.
వేశాడు.
బంతి ఇనప చుట్టుకి తగిలి ఎటో పోయింది.

ఇరవై ఏడు పాయింట్ల తేడాతో ఓడాం.

బస్సుల చక్రాల కింద మంచు పారతో తీస్తుంటే
పొడుగాటి కుర్రాడు వచ్చి పక్కన నిలబడ్డాడు.
రంగు చెమటకి కారి మెడ దాకా వచ్చింది.
"నిజంగా ఎంతమంది?" అన్నాడు.
యంత్రం తీసి చూపించాను. నూట డెబ్భై నాలుగు.
"మా వాళ్ళనీ కలిపా?"
"గేట్లోంచి వచ్చినవాళ్ళందర్నీ."
కాసేపు దాన్నే చూసి
ఒకసారి నొక్కి చూడొచ్చా అని అడిగాడు,
చిన్నపిల్లాడు కాలింగ్ బెల్లు అడిగినట్టు.
ఇచ్చాను.

ఆఫీసు కాగితంలో నూట డెబ్భై ఐదనే రాశాను.
ఎక్కువైన ఆ ఒకటీ ఎవరిదని
ఎవరూ అడగలేదు.